సెల్లు మాటలకు ఇంటి అర్థములు



ఈ ప్రసంగము మీ చెవిని సోకుచున్న ఈ క్షణమున మీలో అనేకుల చేతియందో, చొక్కా జేబునందో, బొడ్డున దోపుకొన్న చిన్న సంచియందో ఒక సెల్లుఫోను ఉండియే యుండును. కొందరు ఈ మాటలను ఆ ఫోనునందే వినుచుండవచ్చును. తెల్లవారినది మొదలు ప్రొద్దుగ్రుంకు వరకు ఏ ఇంటి వాకిట నిలిచి చెవియొగ్గినను, "ఛార్జింగు పెట్టావా?", "ఇక్కడ సిగ్నలు అందదు", "బ్యాలెన్సు అయిపోయింది", "నెట్టు రావడం లేదు", "నువ్వు మిస్డ్ కాల్ ఇవ్వు, నేను చేస్తాను" అను వాక్యములు, అన్నము, నీళ్లు అన్నంత సహజముగా వినబడుచుండును. వరిచేని గట్టుమీద నిలిచి మిల్లువారితో బేరమాడు రైతును, రైతుబజారులో మెడకును భుజమునకును నడుమ ఫోను ఇరికించుకొని కూరలు తూచు అమ్మను, పరదేశమునందున్న కొడుకు ముఖము చూచుటకై అర్ధరాత్రి దాక మేలుకొని కూర్చుండు తల్లిని కదిపి చూడుడు. ఈ పదములను వాడనివారు వారిలో ఒక్కరును ఉండరు. అయినను ఆ పదమునకు అర్థమేమని వారినే అడిగినచో, తడుముకొనక చెప్పగలవారు ఎందరు?

పరభాషాపదము మన నోట పలుకుట దోషమని చెప్పుటకు నేను రాలేదు. ఒక పదముతో కాపురము చేయుచు దాని అర్థ మెరుగకుండుట, అందునను ఆ పదము మన సొమ్మునకు, మన ఇంటి గుట్టునకు కావలి కాయునదైనప్పుడు, మిక్కిలి ప్రమాదకరమని మనవి చేయుటకు మాత్రమే వచ్చితిని.

మాటలకు ముందు ఆ వస్తువు కథ చెప్పెదను. చేతబట్టుకొని వీధిలో నడచుచు మాటాడదగిన ఫోనుతో తొలి సంభాషణము 1973 వ సంవత్సరము ఏప్రిల్ 3 వ తేదీన న్యూయార్కు నగరమున జరిగినది. మోటొరోలా సంస్థలోని మార్టిన్ కూపర్ అను ఇంజనీరు, ఇంచుమించు ఒక కిలో బరువు తూగు యంత్రమును చెవికానించుకొని, ఈ పనిలోనే తమతో పోటీపడుచున్న బెల్ ప్రయోగశాలలోని జోయెల్ ఎంగెల్‌ను పిలిచి మాటాడెను. మన దేశమున ఈ కథ 1995 జూలై 31 వ తేదీన ప్రారంభమైనది. ఆనాడు కలకత్తాలోని రైటర్స్ భవనమునుండి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతి బసు, ఢిల్లీలోని సంచార్ భవనమునందున్న కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో మాటాడెను. ఆ తొలి దినములలో ఫోను చేసినవారికే కాక, అందుకొన్నవారికిని నిమిషమునకు ఇంతయని రుసుము పడుచుండెను. 2003 లో ఆ పద్ధతి మారి, వచ్చిన ఫోనునకు సొమ్ము చెల్లింపనక్కరలేని కాలము వచ్చినది. ధనికుల చేతి భూషణముగా ఉండిన వస్తువు అప్పటినుండి పల్లెపల్లెకును పాకినది.

చేసినవారికి మాత్రము రుసుము తప్పని ఆ పొదుపు కాలముననే మనవారు ఒక ఇంగ్లీషు పదమునకు క్రొత్త ప్రాణము పోసిరి. ఇంగ్లీషువారికి మిస్డ్ కాల్ అనగా అందుకొనలేక తప్పిపోయిన పిలుపు. అది అనుకొనక జరుగునది. మనకు మిస్డ్ కాల్ బుద్ధిపూర్వకముగా 'ఇచ్చునది'. పట్నమున చదువుకొను కుమారుడు ఒక్కసారి మ్రోగించి ఆపినచో క్షేమముగా హాస్టలు చేరెనని తల్లి తెలిసికొనును. రెండుమారులు మ్రోగినచో బస్సు ఊరి పొలిమేరకు వచ్చినదని తండ్రి సైకిలు తీయును. ఒక్క పైసయైనను ఖర్చుకాక, ఒక్క అక్షరమైనను పలుకక, ముందు చేసికొన్న ఒప్పందము బలముచేతనే సమస్తమును చెప్పుకొనిన ఆ ఉపాయము మన బీద కుటుంబముల బుద్ధివైభవమునకు నిదర్శనము. పదము వారిది, దానికి ఆ అర్థమును ఇచ్చినవారము మనము.

అరువు తెచ్చుకొన్న పదమును ఇంటిదానిగా చేసికొను నేర్పు తెలుగునకు నేడు క్రొత్తగా అబ్బినది కాదు. మనము వ్రాయు కాగితము, వ్రాసెడి కలము, ఇచ్చెడి జవాబు, పెట్టెడి ఖర్చు, తీర్చెడి బాకీ పారసీ, అరబ్బీ భాషల త్రోవను వచ్చినవి. బీరువా చావియు, బట్టల ఇస్త్రీయు, నీళ్ల బాల్చీయు పోర్చుగీసు ఓడలు దిగి వచ్చినవి. రైలును టిక్కెట్టును ఇంగ్లీషు దొరలతో వచ్చినవి. ఇవి పరదేశపు మాటలని నేడు ఎవరికిని తోచదు. ఏలయన, తెలుగు తన గడపలోనికి వచ్చిన ప్రతి పదమునకును ఒక అచ్చు తొడిగి, విభక్తులు చేర్చి, తన క్రియలతో జతపరచి గాని లోపలికి రానీయదు. ఫోన్ మనకు ఫోను అయినది. సిమ్ సిమ్ము అయినది. నెట్ నెట్టు అయినది. పిమ్మట సిమ్ముకు, సిమ్ములో, సిమ్ములు అని అది మన వ్యాకరణపు పంక్తిలో కూర్చున్నది. వాడుకయే భాషకు ప్రాణమని తన జీవితకాలమెల్ల వాదించిన గిడుగు రామమూర్తి పంతులు గారి జన్మదినమైన ఆగష్టు 29 వ తేదీని మనము తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. ఆ మహనీయుని మాటకు సెల్లుఫోను చుట్టు అల్లుకొన్న ఈ నామావళి చాలినంత సాక్ష్యము.

ఈ జతపరచుటలో ఒక్కొక్కచోట ఆశ్చర్యము గొలుపు సొగసు కానవచ్చును. ఛార్జి అను పదమునే తీసికొనుడు. దాని మూలము బండికి పేరైన లాటిను పదము. బండికి బరువు ఎక్కించుట అని దాని తొలి అర్థము. అర్థ మెవ్వరును చెప్పకపోయినను, మన పల్లెజనులు "ఛార్జింగు ఎక్కుతోంది", "ఛార్జింగు దిగిపోయింది" అని, బండికి బస్తాలు ఎక్కించి దింపినట్లే పలుకుచున్నారు! ఎన్నడో మరుగుపడిన మూలార్థము మన క్రియలో తిరిగి మొలకెత్తినది. బ్యాలెన్సు అనగా రెండు పళ్లెములు గల త్రాసు. ఒక పళ్లెమున మనము చెల్లించినది, రెండవ పళ్లెమున మనము వాడుకొన్నది పెట్టి చూచినప్పుడు మిగిలి తేలునదే మన నిల్వ. డేటా అనగా లాటిను భాషలో 'ఇయ్యబడినవి' అని అర్థము. ఆ ధాతువును సంస్కృతమునందలి దా ధాతువును తోబుట్టువులు. కనుకనే మన గణితపుస్తకములలో డేటాను దత్తాంశము అన్నప్పుడు, తెలిసియో తెలియకయో వేల సంవత్సరముల క్రిందట విడిపోయిన అక్కచెల్లెండ్రను మరల ఒక పీటమీద కూర్చుండబెట్టినట్లైనది.

సెల్లు అనగా చిన్న గది. ఈ యంత్రమునకు ఆ పేరు ఏల వచ్చినదో తెలిసినచో సిగ్నలు మర్మము సగము తెలిసినట్లే. దేశమునంతటిని తేనెపట్టులోని గదులవలె చిన్నచిన్న ప్రదేశములుగా భావించి, ఒక్కొక్క గదికి ఒక్కొక్క టవరు నిలిపి, ఒక గదిలో వాడిన తరంగములనే దూరమునందలి మరియొక గదిలో మరల వాడుకొనవచ్చునని బెల్ ప్రయోగశాలలోని ఇంజనీర్లు 1947 లోనే యోచించిరి. మీరు బస్సులో కూర్చుండి రాజమహేంద్రవరమునుండి విజయవాడకు మాటాడుచు పోవునప్పుడు, ఒక టవరు మీ మాటను తన ఎల్ల దాకా మోసికొనివచ్చి, ప్రక్క టవరు చేతిలో పెట్టి, తాను సెలవు తీసికొనును. చంటిబిడ్డ నిద్రలేవకుండ ఒక ఒడినుండి మరియొక ఒడికి మారినట్లు, మాట తెగకయే ఈ మార్పు జరుగును. రెండు గదుల నడుమ కొండ యడ్డమైనను, పొలిమేరలో టవరు లేకున్నను "సిగ్నలు అందలేదు" అందుము. సిమ్ము అనునది సబ్‌స్క్రైబర్ ఐడెంటిటీ మాడ్యూల్ అను మూడు మాటల తొలి అక్షరముల కూడిక. ఈ చందాదారుడు ఫలానా అని టవరునకు చెప్పెడి గుర్తింపు బిళ్ల. కనుక సిమ్మును అపరిచితుని చేత పెట్టుట, మన సంతకమును, వ్రేలిముద్రను అరువిచ్చుట వంటిది.

డయలు అను మాటకు తొలుత నీడగడియారపు పలక అని అర్థము. అది పగలు అను అర్థము గల లాటిను పదము నుండి పుట్టినది. ఆ తరువాత అంకెలు గల గుండ్రని చక్రమునకు ఆ పేరు వచ్చినది. నేటి ఫోనులో చక్రము లేదు, అయినను నంబరును మనము డయలు చేయుచునే యున్నాము. మన తెలుగుమాట కథయు ఇట్టిదే. బల్లమీది పాత ఫోనులో చేతి గొట్టమును పైకెత్తి మాటాడి, తిరిగి పెట్టెడివారము గనుక, నేడు ఎత్తుటకును పెట్టుటకును ఏమియు లేకున్నను "ఫోను ఎత్తలేదు", "ఫోను పెట్టేశాడు" అనుచున్నాము. వస్తువు రూపు మారినను దానితో పుట్టిన క్రియ చెక్కుచెదరక నిలుచుట భాషల స్వభావము. బ్లూటూత్ అను మాట కథ వేరు. పదియవ శతాబ్దమున డెన్మార్కును ఏలి, విడివిడిగా ఉన్న జనులను కలిపిన హరాల్డ్ అను రాజునకు 'నీలిదంతుడు' అని మారుపేరుండెడిది. తీగ లేకయే రెండు యంత్రములను కలుపు విద్యకు ఇంజనీర్లు ఆతని పేరే బ్లూటూత్ అని పెట్టిరి. ఒక్కొక్క మాట వెనుక ఇట్టి చరిత్ర దాగియున్నది. దానిని చెప్పినచో పిల్లలు కథవలె విందురు, ఒకసారి విన్న మాటను మరి మరువరు.

ఇంతవరకు నేను చెప్పినది తెలిసికొన్నచో ఆనందము కలుగునట్టిది. ఇక తెలియకున్నచో నష్టము కలుగునట్టి దానిని చెప్పుటకు ఒక చిన్న సంఘటనను మీ ముందుంచెదను.

గడచిన వేసవిలో గోదావరి జిల్లాలోని ఒక గ్రామమున మా మేనత్తగారి ఇంటికి పోయితిని. ఆమెకు డెబ్బది యేండ్లు దాటినవి. తెలుగు పుస్తకము చేతికి వచ్చినచో చివరి పుట చదివిన గాని క్రింద పెట్టరు. ఇంగ్లీషు అక్షరములను మాత్రము చిన్ననాడు బడిలో నేర్చినంతవరకు కూడబలుకుకొని చదువుదురు. విదేశమునందున్న కుమారుడు పంపిన ఫోను ఆమె చేత నున్నది. సాయంకాలము అరుగుమీద కూర్చుండి, కరెంటు పోయినప్పుడు వెలుతురు చూపు యాప్ ఒకటి ఎవరో చెప్పగా ఎక్కించుకొనుచు, ఆమె నన్ను పిలిచిరి.

"ఏరా అబ్బాయీ, ఈ అలౌ అంటే ఏమిటిరా? ఎప్పుడూ ఇదే అడుగుతుంది, నేనెప్పుడూ ఇదే నొక్కుతాను. నొక్కితేగాని ముందుకు పోదు గదా!"

ఫోను తీసికొని చూచితిని. ఆ దీపపు యాప్ ఆమె ఫోనులోని పేర్లను, నంబర్లను, ఫొటోలను చూచుటకు అనుమతి కోరుచున్నది.

"అత్తయ్యా, ఇది ఎవరో మన గుమ్మం ముందు నిలబడి లోపలికి రావచ్చా అని అడగడం. అలౌ నొక్కితే రండి అని తలుపు తీసినట్టు" అని చెప్పితిని.

"ఎవరు వచ్చేది?"

"ఈ దీపం తయారుచేసినవాళ్లు. మీ ఫోనులో ఉన్న చుట్టాల పేర్లూ, నంబర్లూ, మీ ఫొటోలూ చూస్తామంటున్నారు."

ఆమె ఒక నిమిషము మాటాడలేదు. పిమ్మట కండ్లజోడు తీసి ఒడిలో పెట్టుకొని, "దీపం పెట్టడానికి వచ్చినవాడికి మా చుట్టాల పేర్లెందుకురా?" అని అడిగిరి.

శ్రోతలారా, ఆ ప్రశ్న విన్నప్పుడు నా మనస్సులో కలిగిన భావమును నేటికిని మరువజాలకున్నాను. కంప్యూటరు విద్య చదివిన పండితులు భద్రతను గురించి వ్రాసెడి గ్రంథముల సారమంతయు ఆ ఒక్క వాక్యమున ఉన్నది. ఎవరిని గుమ్మము దాటనీయవలెనో, ఎవరిని అరుగుమీదనే కూర్చుండబెట్టి మజ్జిగ యిచ్చి పంపవలెనో ఆమెకు డెబ్బది యేండ్లుగా తెలియును. లోకజ్ఞానమునందు ఆమెకు కొరత లేదు; ఆమె జ్ఞానమునకును ఆమె చేతివ్రేలికిని నడుమ ఒక్క మాట అడ్డుగోడయై నిలిచినది. ఆ మాటకు ఇంటి అర్థము చెప్పినంతనే గోడ కూలినది. మన పెద్దలకు ఏమియు తెలియదని, ఈ యంత్రములు వారికి అర్థము కావని తొందరపడి ఫోను లాగుకొని మనమే నొక్కి యిచ్చుచుండుట ఎంత తప్పో ఆనాడు నాకు బోధపడినది.

ఆమె లోపలికి పోయి, పాలవాని లెక్కలు వ్రాసికొను పద్దుపుస్తకము తెచ్చిరి. మూడు సాయంకాలములు అరుగుమీద కూర్చుండి మేము ఆ పుస్తకపు వెనుకపుటలలో మాటలు వ్రాసితిమి. ఎడమ ప్రక్క ఇంగ్లీషు మాట తెలుగు లిపిలో. కుడి ప్రక్క దాని అర్థము, నేను చెప్పిన మాటలలో కాదు, ఆమె తనకు తోచిన మాటలలో.

రెండవనాడు ఆమె ఒక సందేహము అడిగిరి. "మొన్న పార్సిలు తెచ్చిన అబ్బాయి పిన్ను చెప్పమన్నాడు, చెప్పాను. బ్యాంకులో పిన్ను ఎవరికీ చెప్పకూడదన్నారు. రెండూ పిన్నే అయితే ఒకటి చెప్పవచ్చునట, ఒకటి చెప్పకూడదట. ఎట్లారా?" ఎంత న్యాయమైన సందేహము! తపాలా శాఖవారు 1972 ఆగష్టు 15 నుండి అమలుపరచిన పిన్‌కోడు మన ఊరి గుర్తు. ఆరంకెలు గల ఆ సంఖ్య ప్రతి కవరుమీదను ఎల్లరకు కనబడునట్లు వ్రాయదగినది. బ్యాంకు పిన్ను మన గుర్తు. నాలుగంకెలో ఆరంకెలో గల ఆ సంఖ్య కన్నబిడ్డకైనను చెప్పదగినది కాదు. రెండు వేరువేరు ఇంగ్లీషు పదబంధముల సంక్షేపములు యాదృచ్ఛికముగా ఒకే ధ్వని పొందినవి. ఆ భేదమును ఎవరును వివరింపకపోవుటచే, పెద్దలు ఒకదానిని చెప్పవలసివచ్చినప్పుడు జంకుచు, రెండవదానిని దాచవలసివచ్చినప్పుడు చెప్పివేయుచున్నారు. ఆమె పుస్తకమున ఇట్లు వ్రాసికొనిరి: "ఊరి పిన్ను – అందరికీ. డబ్బు పిన్ను – నాకే."

ఓటీపీ అనగా వన్ టైమ్ పాస్‌వర్డ్, ఒక్కమారు మాత్రమే చెల్లు రహస్యపదమని చెప్పితిని. "సినిమాహాలు టిక్కెట్టులాగా, ఒక్క ఆటకే చెల్లుతుందన్నమాట. అయితే నా టిక్కెట్టు ఇంకొకడి చేతిలో పెడితే నా కుర్చీలో వాడు కూర్చుంటాడు" అని ఆమె తామే అర్థము విస్తరించుకొనిరి. ఫోనుద్వారా సొమ్ము చెల్లించు యూపీఐ విధానము మన దేశమున 2016 లో వచ్చినది; నేడు కొబ్బరిబోండాల బండిమీదను, గుడి ముంగిట పూలబుట్ట ప్రక్కనను ఆ నలుపు తెలుపు గడుల చతురస్రము కనబడుచున్నది. జపాను దేశమున కార్ల భాగములను గుర్తించుటకై 1994 లో కల్పించిన క్యూఆర్ కోడ్ అదియే. ఈ చెల్లింపులను గూర్చి ఒక్క సూత్రము తెలిసినచో చాలును: సొమ్ము పంపుటకే పిన్ను కావలెను, సొమ్ము రాబట్టుకొనుటకు ఏ పిన్నును అక్కరలేదు. "మీకు డబ్బు వస్తుంది, పిన్ను నొక్కండి" అని ఎవడైన ఫోనులో చెప్పినచో, ఆ సొమ్ము వచ్చునది కాదు, పోవునది. ఈ వాక్యమును ఆమె పెద్ద అక్షరములతో వ్రాసి చుట్టు గీత గీసిరి.

మూడవనాడు లింకు అను మాటవద్ద మేమిద్దరమును ఆగితిమి. దానికి మనకు చక్కని తెలుగుమాటయే యున్నది: లంకె. ఎద్దులను లంకె వేయుట, గొలుసు కడియములను లంకె కలుపుట మన పల్లెలలో తెలియనివారు లేరు. ఒకదానిని నొక్కినచో దానికి ముడిపడియున్న మరియొక చోటికి మనలను ఈడ్చుకొనిపోవునది లంకె. "బహుమతి వచ్చిందని చెప్పి పంపే లంకె అయితే అది లంకెబిందెల సామెతే. పెరట్లో లంకెబిందెలున్నాయని దారినపోయేవాడు చెబితే ఇల్లు తవ్వుకుంటామా?" అని ఆమె పలికిరి. స్క్రీను షేరు అనగా తన ఫోను అద్దము మీద కనబడునదెల్ల అవతలివారి అద్దము మీదను కనబడునట్లు చేయుట; బ్లాకు అనగా ఒకరికి గుమ్మము మూయుట; డౌన్‌లోడ్ అనగా పైనుండి తన ఫోనులోనికి దింపుకొనుట; ఇట్లు నలుబది మాటల దాక వ్రాసితిమి. ఆపదలో పిలువదగిన 112 ను, సొమ్ము మోసపోయినప్పుడు ఆలస్యము చేయక పిలువవలసిన 1930 ను చివరి పుటలో వ్రాసి, ఆమె పుస్తకము మూసిరి.

ఇక్కడ కొందరు ఒక ప్రశ్న వేయవచ్చును: ఈ శ్రమయంతయు ఏల, ఈ మాటలన్నిటిని తెలుగులోనికి మార్చుకొనరాదా యని. మార్చుకొనవలసినదే, మార్చుకొనగలము గూడ. టెలిగ్రాము మన దేశమునకు వచ్చినప్పుడు మన పెద్దలు స్తంభమునుండి స్తంభమునకు సాగిన తీగను చూచి 'తంతి' అనిరి. మాట ఇట్టే నిలిచినది. 2013 లో ఆ సేవ ఆగిపోయినను, తంతి తపాలా శాఖ అను మాట మన చెవులలో ఇంకను మ్రోగుచునే యున్నది. 1935 లో మైసూరులో గోపాలస్వామి గారు నెలకొల్పిన రేడియో కేంద్రమునకు 'ఆకాశవాణి' అని పేరు పెట్టినప్పుడు, కంసుని హెచ్చరించిన అశరీరవాణి కథ తెలిసిన జనులకు ఆ మాట వివరింప నక్కరలేకపోయినది. కంటికి కనబడునదో, కథలో విన్నదో అయిన పేరు నాలుకమీద నిలుచును. మొబైల్ ఫోను అను మాటకు 'చరవాణి' సరియైన అనువాదమే. చరించునది మొబైల్, వాణి ఫోను. అక్షరమునకు అక్షరము సరిపోవును. కాని అది పత్రికలలో వెలుగుచున్నంతగా నాలుకలపై ఆడుట లేదు. సెల్లు ముందుగా వచ్చి పీట వేసికొని కూర్చుండుటయే దానికి కారణము. అదియే సమయమున, "మీరు పిలిచిన వ్యక్తి అందుబాటులో లేరు" అను వాక్యము చూడుడు. చేయిచాచిన అందునంత దూరమును చెప్పు 'అందుబాటు' అను ఆ ఇంటిమాటను వేసినవారెవరో గాని, వారికి చేతులెత్తి మ్రొక్కవలెను. దానిని విని అర్థము కాలేదన్న తెలుగువాడు లేడు.

మన లిపికి ఈ యంత్రములో చాలకాలము ఇరుకుగదియే దొరికినది. ఫోనునుండి పంపు సంక్షిప్త సందేశమునకు ఇంగ్లీషులో 160 అక్షరముల చోటుండగా, తెలుగు లిపిలో వ్రాసినచో 70 సంకేతములకే అది నిండిపోవును. అందునను 'స్త్రీ' అని మనము వ్రాయు ఒక్క అక్షరము యంత్రమునకు ఆరు సంకేతములు. ఆ ఇరుకుచేతను, మీటల పలక లేకపోవుటచేతను మన పిల్లలు తెలుగును ఇంగ్లీషు అక్షరములలో వ్రాయుటకు అలవాటుపడిరి. నేడు ఆ కష్టము తీరినది. తెలుగు మీటల పలక ఫోనులోనే ఉన్నది, మాటాడినచో తెలుగున వ్రాసిపెట్టు సౌకర్యమును ఉన్నది. చోటు దొరికిన పిమ్మటను మన అక్షరమును మనము వాడకుండుట సమంజసము కాదు.

ఊరు విడుచునాడు మా మేనత్తగారి ఫోనులో భాషను తెలుగునకు మార్చి, ఇక ఆమెకు ఇబ్బంది తీరినదని తలచి వచ్చితిని. నాలుగు దినములకు ఆమె ఫోను చేసిరి.

"ఏరా, ఇందులో ఏదో కొత్తమాట వచ్చింది. 'అనుమతించు' అంటోంది. నా అలౌ ఎక్కడికి పోయింది?"

"రెండూ ఒకటే అత్తయ్యా. అలౌనే తెలుగులో అట్లా వేశారు."

"అట్లాగా? అయితే గుమ్మమే గదా" అని, పుస్తకము తెరచిన చప్పుడు వినిపించునంతవరకు ఆగి, "రాసుకున్నాలే" అనిరి.

సంస్కృతపదమైనంత మాత్రమున అది తనంత తాను తెలుగు కాదని, ఇంగ్లీషుపదమైనంత మాత్రమున అది ఎన్నటికిని పరాయిది కాదని ఆ నాలుగు మాటలలో ఆమె నాకు నేర్పిరి. ఏ భాషనుండి వచ్చిన మాటయైనను దానిని ఇంటి అనుభవముతో ముడిపెట్టి చెప్పువారుండవలెను. అప్పుడే అది మనదగును. తెలుగు అకాడమీ వంటి సంస్థలు పారిభాషిక పదకోశములు కూర్చినవి, ఆ కృషి గొప్పది. కాని ఆ కోశములకును ముసలితల్లి చేతివ్రేలికిని నడుమ మిగిలిన నాలుగడుగుల దూరమును దాటింపగలవారు ఆ ఇంటిలోని పిల్లలు మాత్రమే.

కావున శ్రోతలారా, ఈ రాత్రి భోజనములైన పిమ్మట ఒక అరగంట మీ ఇంటి పెద్దల ప్రక్కను కూర్చుండుడు. వారి చేతిలోని ఫోను మీరు తీసికొనకుడు. వారి చేతనే ఉండనిచ్చి, ఏ మాటవద్ద వారి వ్రేలు సందేహించునో చూడుడు. ఆ మాటకు అర్థము చెప్పుడు. వారు తమ మాటలలో తిరిగి చెప్పువరకు ఓపిక పట్టుడు. వారు చెప్పినదానిని ఒక పాత పద్దుపుస్తకమున వ్రాయనిండు. మా మేనత్తగారి పుస్తకమున ఒక పుట నేటికిని నా కన్నులకు కట్టినట్లున్నది: ఎడమ ప్రక్క 'అలౌ', దాని క్రింద వేరు సిరాతో 'అనుమతించు', ఆ రెండింటికిని కలిపి కుడి ప్రక్క ఒక్కటే అర్థము, "గుమ్మం తియ్యడం – ఎవరో చూసి".